గురక సంగతి సరే, ఆ నిద్రమాత్ర ఎవరిచ్చారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది అనంతపురం. పదమూడేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 96 కిలోలు. ఇక్కడికి వచ్చిన కొత్తలో 76 ఉండేవాణ్ని. గురక భరించలేక మా ఆవిడ పాపను తీసుకుని పక్క గదిలో పడుకుంటోంది. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేస్తాను, షుగర్ మాత్రం లేదు. బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నా 150/95 దగ్గరే ఉంటోంది. నిద్ర సరిగ్గా పట్టడం లేదంటే ఫ్రెండ్ చెప్పాడని ఆరు నెలలుగా రోజూ ఆల్‌ప్రాజోలం వేసుకుంటున్నాను. మొదట 0.25, ఇప్పుడు 0.5. పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. శుక్రవారం ఆఫీసయ్యాక కారులో ఊరెళ్తుంటే బాగేపల్లి టోల్ దాటాక కళ్లు మూతలు పడుతున్నాయి. ఎన్ని కిలోలు తగ్గితే ఈ గురక పోతుంది? బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్ వచ్చిందంటున్నారు, అది వాడితే గురకకు మిషన్ పెట్టుకునే పని తప్పుతుందా? మా తమ్ముడు సన్నగా ఉంటాడు, వాడికీ గురకే. మరి బరువుకీ దీనికీ సంబంధం ఉన్నట్టా, లేనట్టా?

– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది కిలోల గురించి. నేను మీ ఉత్తరంలో వెనక్కి వెళ్లి రెండోసారి చదివింది మాత్రం ఆల్‌ప్రాజోలం, బాగేపల్లి టోల్. ముందు ఆ రెండూ తేల్చుకుందాం.

ఈ శుక్రవారం కారు తీయకండి. బస్సులో వెళ్లండి, లేదంటే స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి. అద్దం దించుకుంటాను, పాటలు గట్టిగా పెట్టుకుంటాను, చిక్కబళ్లాపూర్‌లో కాఫీ తాగుతాను అని నా దగ్గరికి వచ్చేవాళ్లు రోజూ చెబుతూనే ఉంటారు. వంద స్పీడులో మూడు సెకన్ల కునుకు పట్టిందంటే కారు ఎనభై మీటర్లు తనంతట తాను పోయినట్టే. పరీక్ష జరిగి, చికిత్స మొదలై, పగటి మత్తు వదిలిందని మీ డాక్టర్ చెప్పేదాకా హైవే మీద డ్రైవింగ్ వద్దు.

ఇక మాత్ర. మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయలేను. కానీ ఇంత గురక, అదుపులోకి రాని బీపీ, పొద్దున దిమ్ము, పగలు కునుకు, రాత్రి మూత్రానికి లేవడం అన్నీ కలిపి చూస్తే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా ఉందేమోనని గట్టి అనుమానం. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, ఊపిరి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం పైనే గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి మిమ్మల్ని కాస్త లేపుతుంది. గుర్రుమని ఒక పెద్ద ఊపిరి, మళ్లీ నిద్ర. పొద్దున్నకి ఇదేదీ మీకు గుర్తుండదు. నిద్ర చాలలేదన్న బాధ మాత్రం మిగులుతుంది. దాన్నే మీరు ‘నిద్ర పట్టడం లేదు’ అనుకున్నారు.

ఆ ఉలికిపాటే మిమ్మల్ని కాపాడుతోందండీ. నిద్రమాత్ర దాన్ని మొద్దుబారుస్తుంది, గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది. అందరిలో ఒకేలా జరుగుతుందని అనను. పరీక్ష చేయించుకోని గురక మనిషి మాత్రం ఆ రిస్కు తీసుకోకూడదు. మద్యం అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉందనుకునే చెబుతున్నాను: ఆల్‌ప్రాజోలం వేసుకునే మనిషి అసలు తాగకూడదు, ఒక్క పెగ్గయినా సరే.

కోపం తెచ్చుకోకండి కానీ, ఆరు నెలల్లో 0.25 కాస్తా 0.5 అయినప్పుడైనా అనుమానం రాలేదా? అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. ఎవరు రాశారు, ఎవరికిచ్చారు, ఎన్ని ఇచ్చారు అని మెడికల్ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పు తిప్పి చూడండి, ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. ఓపీలో నేను అడిగినప్పుడు పదిమందిలో ఒకరైనా ‘అందరూ వాడేదే కదా సార్’ అంటారు. అందరూ వాడుతున్నారనే కదా నా బాధ.

అలాగని ఇది చదివి ఇవాళే మాత్ర మానేయకండి. ఇన్నాళ్లు రోజూ వేసుకుని ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, గుండె దడ, అసలు నిద్రే రాకపోవడం, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డోసు పెంచకండి, సొంతంగా ఆపకండి. ఈ వారంలోనే ఫిజీషియన్‌ని గానీ సైకియాట్రిస్ట్‌ని గానీ కలిస్తే వారాల లెక్కన మెల్లగా తగ్గిస్తారు.

ఇప్పుడు కిలోల లెక్క. సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 33 దాటింది. మన భారతీయులకు 25 నుంచే స్థూలకాయం కింద లెక్క. పొట్ట మాత్రమే పెరుగుతుందనుకుంటాం గానీ, కొవ్వు మెడలో, గొంతు చుట్టూ, చివరికి నాలుకలోనూ చేరుతుంది. బరువు తగ్గినవాళ్లకు ఎమ్మారై తీసి చూస్తే, నాలుకలో కొవ్వు ఎంత కరిగితే ఆప్నియా అంత తగ్గిందని 2020లో అమెరికాలో చేసిన పరిశోధనలో తేలింది. నేను పేషెంట్లను బరువు కంటే ముందు చొక్కా సైజు అడుగుతాను. ఫార్మల్ చొక్కా మీద 40, 42 అని ఉండేది చాలావరకు కాలర్ కొలతే, సెంటీమీటర్లలో. మగవాళ్లలో 40 దాటితే నేను జాగ్రత్త పడతాను. 43 దాటిన మెడకు గురక ఉందంటే, పరీక్ష రాయకుండా పంపను. మీ పై బటన్ పడుతోందో లేదో ఒకసారి చూసుకోండి.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో 690 మందిని నాలుగేళ్లు గమనించి 2000లో ఒక లెక్క ప్రచురించారు. శరీర బరువు పది శాతం పెరిగితే గంటకు ఊపిరి ఆగే లెక్క (ఏహెచ్ఐ) 32 శాతం పెరిగింది. పది శాతం తగ్గితే 26 శాతం తగ్గింది. మీకు పది శాతమంటే దాదాపు పది కిలోలు. మాటవరసకు మీ ఏహెచ్ఐ ఇప్పుడు 40 అనుకుందాం. పది కిలోలు కష్టపడి తగ్గితే 30 దగ్గరికి వస్తుంది. మంచిదే, కానీ 30 దాటితే తీవ్రమైనది అంటాం, అంటే మీరింకా ఆ గుమ్మంలోనే ఉన్నారన్నమాట. 5 లోపుంటే మామూలు. అందుకే ఇన్ని కిలోలని ముందే చెప్పలేను, బరువు తగ్గేదాకా చికిత్స ఆపి కూర్చోవడానికీ ఒప్పుకోను. పైగా నిద్ర చెడితే ఆకలి పెరుగుతుంది. నిద్రలేని మనిషి రాత్రి పదకొండుకి బిర్యానీ ఆర్డర్ పెడతాడే తప్ప పొద్దున ఆరింటికి వాకింగ్‌కి వెళ్లడు.

మీరు చెప్పిన ఇంజెక్షన్ టిర్జెపటైడ్ అనుకుంటాను. స్థూలకాయంతో పాటు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆప్నియా ఉన్న పెద్దవాళ్లకు వాడవచ్చని అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతి ఇచ్చారు. ట్రయల్స్‌లో ఏహెచ్ఐ బాగానే తగ్గింది, కొందరికి మిషన్ అవసరం తీరవచ్చు కూడా. కానీ ఆ ఫలితాలు ఏడాది వాడాక వచ్చినవి. మీకు ఈ వారం ఊపిరి ఆడాలి. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పాలి. ఇదైనా ఫ్రెండ్ చెప్పాడని తెచ్చుకోకండి!

మిషన్ అంటే సీప్యాప్. ముక్కుకు మాస్కు పెట్టి మెల్లగా గాలి ఒత్తిడి ఇస్తూ గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. 1981 నుంచి ఉన్న వైద్యమే. బరువు తగ్గించదు, కానీ చాలామందికి కొద్ది రోజుల్లోనే పగలు తేడా తెలుస్తుంది. మీలాంటి మొండి బీపీ కూడా కొంత దిగవచ్చు. రాత్రి మూత్రం మాట కూడా అంతే. ఊపిరి కోసం పెనుగులాడేటప్పుడు గుండె గదులు సాగి, మూత్రం ఎక్కువ తయారయ్యే హార్మోన్‌ని వదులుతాయి. ప్రోస్టేట్ అనుకుని తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. అయినా షుగర్ లేదని ఎప్పుడు చూసి చెప్పారో నాకు తెలియదు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఈసారి చేయించండి. ఆన్‌లైన్‌లో మిషన్ ముందే కొనేయకండి. ముందు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష. ఇంట్లో పడుకుని చేసేది సరిపోతుందా, హాస్పిటల్‌లో ఒక రాత్రి ఉండాలా అన్నది మిమ్మల్ని చూసే పల్మనాలజిస్ట్ లేదా ఈఎన్‌టీ డాక్టర్ చెబుతారు. రాత్రి ఎప్పుడైనా ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే ఇవేవీ ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

తమ్ముడి సంగతి: దవడ వెనక్కి ఉన్నా, టాన్సిల్స్ పెద్దవైనా, ముక్కు దూలం వంకరైనా సన్నటివాళ్లకూ వస్తుంది. ఒకే ఇంటి పిల్లలకు దవడ తీరు ఒకేలా ఉండవచ్చు. మీకు దాని మీద ఇరవై కిలోలు తోడైంది. అతన్నీ ఒకసారి చూపించుకోమనండి.

మీ ఆవిడ పక్క గదికి వెళ్లడంతో మీ గురకకు ఉన్న ఒక్క సాక్షీ పోయింది. ఒక రాత్రి అరగంట ఓపిక పట్టి ఫోన్‌లో వీడియో తీయమనండి. మొహం, ఛాతీ, పొట్ట కనిపించాలి. గురక టక్కున ఆగి, పొట్ట మాత్రం లేస్తూ పడుతూ ఉండి, కాసేపటికి గుర్రుమని ఊపిరి అందుకుంటే ఆ ముక్క డాక్టర్‌కి చూపించండి. వెళ్లేటప్పుడు బీపీ మాత్రల స్ట్రిప్పులు, ఆ ఆల్‌ప్రాజోలం స్ట్రిప్పు పట్టుకెళ్లండి. ఆవిడనూ వెంట తీసుకెళ్లండి. మీ నిద్ర గురించి డాక్టర్ అడిగే ప్రశ్నలకు సగం జవాబులు ఆవిడకే తెలుసు.