బొమ్మరిల్లు మళ్ళీ చూసి ఏడ్చానన్నావు కదా అమ్మలూ

అమ్మలూ,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. బొమ్మరిల్లు వచ్చిన 2006లో నువ్వు ఎనిమిదో క్లాసు, మీ అక్కా నువ్వూ మూడుసార్లు హాల్లో చూసొచ్చి, సిద్ధార్థ్ చివర్లో తండ్రిని అడిగే డైలాగులన్నీ మీ నాన్న మీద ప్రయోగించేవాళ్ళు, ఆయన పాపం నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు నీ కూతుర్ని పడుకోబెట్టి అదే సినిమా చూస్తుంటే తండ్రి వేషం వేసిన ప్రకాష్ రాజ్ మొహం చూసి ఏడుపొచ్చిందని, నేను మారిపోయానా పెద్దమ్మా అని అడిగావు. మారావే తల్లీ. అందులో కంగారు పడాల్సిందేం లేదు, నాకు జరిగింది చెప్తాను విను.

నాకు పదేళ్ళప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో గుండమ్మ కథ చూశాను. సినిమా 1962లోది, మా ఊరికి వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. నేల టికెట్టు, ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. సూర్యకాంతం గారు తెర మీదకి రాగానే మా నాయనమ్మ మెటికలు విరిచి తిట్టేది, నేనూ ఆవిడతో కలిసి తిట్టాను. సవతి కూతురు సావిత్రి చేత ఇంటి చాకిరీ అంతా చేయిస్తుంటే ఆ గుండమ్మ చచ్చిపోతే బావుణ్ణు అనుకున్నా, నిజంగానే అనుకున్నా.

పెళ్ళయ్యాక టీవీలో వేస్తే మళ్ళీ చూశా. అప్పుడు గుండమ్మని పట్టించుకోలేదు, రుబ్బురోలు దగ్గర రామారావు గారు సావిత్రికి సాయం చేస్తుంటే మా ఆయన ఎప్పుడైనా వంటింట్లోకి వస్తాడా అని అదొకటే ధ్యాస.

మూడోసారి చూసింది మీ పెదనాన్న పోయిన రెండో ఏడు. నాకు 48. పిల్లలిద్దరి చదువులు, కింద వాటా అద్దె వాళ్ళు నెల దాటించడం, ఒంటరి ఆడది కదా అని ప్రతివాడూ ఒక మాట తక్కువ చేసి మాట్లాడటం. ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి గిన్నె వంచి చూపిస్తూ, ఇవి పాలా నీళ్ళా అని పాలవాడి మీద వీధంతా వినిపించేలా అరిచాను. ఎదురింటావిడ కిటికీ తలుపు తీసి చూసింది. లోపలికొచ్చి స్టవ్ మీద పాలు పెడుతుంటే చేతులు వణికాయి, ఈ గొంతు ఎక్కడో విన్నానే అనిపించింది. ఆ ఆదివారమే సినిమా పెట్టుకుని చూశాను. మొగుడు పోయి, ఇద్దరాడపిల్లలతో ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి అమ్మా ఆవిడ, నోరు పెట్టుకునే బతికింది. చివర్లో ఛాయాదేవి చేతిలో ఆవిడ నానా అగచాట్లు పడుతుంటే నేను ఏడ్చాను, నువ్వు మొన్న ఏడ్చినట్టే.

అయితే ఒకటి చెప్పాలి, గుండమ్మ బాధ నాకు అర్థమైందని సావిత్రికి చేసింది ఒప్పయిపోదు. అర్థమవడం వేరు, ఒప్పుకోవడం వేరు. నువ్వూ అంతే, ఇప్పుడు ప్రకాష్ రాజ్ వైపు మనసు లాగిందని, పదమూడేళ్ళప్పుడు సిద్ధార్థ్ పక్షాన నిలబడ్డ ఆ పిల్లని తప్పుపట్టకు. కొడుకు చొక్కా రంగు కూడా తనే చూసుకునే తండ్రి దగ్గర ఊపిరాడదు, అది అప్పుడూ నిజమే ఇప్పుడూ నిజమే. ఇప్పుడు నీ చేతిలో ఒక చిన్న చెయ్యి ఉంది కాబట్టి ఆయన భయం కూడా కనపడుతోంది, అంతే.

అన్నీ ఇలా మెత్తబడతాయని కూడా అనుకోకు. కాలేజీలో నాకు కన్యాశుల్కం గిరీశం అంటే ఎంత ఇష్టమో, ఆ ఇంగ్లీషు కోతలకి పడీపడీ నవ్వేదాన్ని. ఆడపిల్ల తల్లినయ్యాక చదివితే, వాడు బుచ్చమ్మకి మాయమాటలు చెప్పి తీసుకుపోయే చోట ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ నవ్వొస్తుంది, కానీ వాణ్ణి నమ్మను.

ఇక యాక్టర్ల సంగతి. పాత సినిమా చూసేటప్పుడు ఆ వేషం వేసేనాటికి వాళ్ళ వయసెంతో ఒకసారి లెక్కేసుకో. మా నాయనమ్మ ముసలి గయ్యాళి అని తిట్టిన సూర్యకాంతం గారు 1924లో పుట్టారు, గుండమ్మ కథ వచ్చేనాటికి ఆవిడకి 38 కూడా నిండలేదు. ఆవిడ పేరు ఆడపిల్లలకి పెట్టడానికి జనం జంకేవాళ్ళు, ఆవిడేమో ఇంట్లో వండించి క్యారేజీలు తెచ్చి షూటింగులో అందరికీ పెట్టేవారని తోటి నటులు ఎంతమంది చెప్పారో. ఎస్వీ రంగారావు గారు మిస్సమ్మలో సావిత్రికి తండ్రి, అప్పటికి ఆయనకి 36. రెండేళ్ళకి మాయాబజార్‌లో ఆయన ఘటోత్కచుడైతే, ఆయనకన్నా ఆరేళ్ళు చిన్నావిడ మన సూర్యకాంతం గారే ఆయనకి తల్లి, హిడింబి! చిన్నప్పుడు నాకు ఆయన తాతయ్యలా కనిపించేవారు. 56 ఏళ్ళకే 1974లో పోయారు. ఇప్పుడు నాకు 66, ఘటోత్కచుడు వివాహభోజనం దగ్గర కూర్చుంటే ఎవరి పిల్లాడో ఎంత చక్కగా తింటున్నాడు అనిపిస్తుంది.

నువ్వు చెయ్యాల్సింది చెప్తా. ఫోన్లో క్లైమాక్స్ ముక్క ఒక్కటే పెట్టుకుని చూడకు, ఆ ముక్కలో ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళదే న్యాయంలా ఉంటుంది. మొత్తం చూడు, సముద్రం ఒడ్డున తప్పటడుగుల పిల్లాడి చెయ్యి నాన్న పట్టుకునే దగ్గర్నుంచీ చూడు. చూశాక డైరీలో వెనక పేజీ తీసి తేదీ, నీ వయసు, ఈసారి ఎవరి పక్కన నిలబడ్డావో ఒక్క లైను రాసి పెట్టు, పదేళ్ళకి మళ్ళీ చూసి దాని కింద ఇంకో లైను రాయి, పైన రాసింది మాత్రం కొట్టెయ్యొద్దు. నీ కూతురు పెద్దదై ఏ హీరోనో వెనకేసుకొచ్చి నీతో వాదిస్తే, నీకేం తెలుసు అనకు. దాని వయసుకి అది చూస్తున్నది సరిగ్గానే చూస్తోంది.

సంక్రాంతికి వస్తున్నావు కదా, మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మరిల్లు పెట్టు. ఏమీ అడగకు, సారీలు గట్రా చెప్పకు, ఊరికే పక్కన కూర్చో. మధ్యలో ఎక్కడో ఒక చోట మంచినీళ్ళకని లేచి వెళ్తాడు చూడు, ఏ సీన్లో లేచాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ