ఫార్మాట్ మాట ఎత్తకముందు

హనుమకొండ నయీంనగర్‌లో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మా శీర్షికకర్త ఈసారి ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకుంటే వచ్చే గొడవ మీద వచ్చిన ఉత్తరాలకు జవాబిస్తున్నారు.

ప్రశ్న: మాది హసన్‌పర్తి. డిగ్రీ రెండో సంవత్సరం. సీనియర్ల మాట విని విండోస్ 11 పక్కన ఉబుంటు అనే లినక్స్ ఎక్కించిన. ఇప్పుడు పవర్ బటన్ నొక్కితే సీదా ఉబుంటులకే పోతుంది, విండోస్ ఊసే లేదు. అక్క పెళ్లి ఫొటోలన్నీ అండ్లనే ఉన్నయి. ఒక షాపుల చూపిస్తే విండోస్ ఎగిరిపోయింది, ఫార్మాట్ కొట్టాలె, పదిహేను వందలైతయి అన్నరు. బాపుకు ఇంకా చెప్పలేదు.

జవాబు: చెప్పే అవసరం రాకపోవచ్చు తమ్ముడూ. ఫార్మాట్ మాత్రం ఎవరినీ కొట్టనియ్యకు. ముందు ఉబుంటులో ఫైల్స్ తెరిచి ఎడమ పక్క చూడు. నీ సీ డ్రైవ్ ఎంత సైజు ఉండేదో దాదాపు అంత సైజు డిస్క్ ఒకటి కనిపించాలి. తాళం బొమ్మతో కనిపించినా సరే, విండోస్ ఉన్నట్టే. ఎక్కించేటప్పుడు డిస్క్ మొత్తం తుడిచెయ్యమనే ఆప్షన్ నొక్కి ఉంటేనే గండం.

పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది విండోసూ కాదు, ఉబుంటూ కాదు. మదర్‌బోర్డు చిప్పులో ఉండే యూఈఎఫ్ఐ అనే చిన్న ప్రోగ్రామ్. అది డిస్క్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ అనే చిన్న గదిలోకి చూస్తుంది. విండోస్ తనంతట తాను ఆ గది కట్టుకుంటే మామూలుగా 100 ఎంబీ, అంతే. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఒకటి, ఉబుంటు ఫోల్డర్ ఒకటి, పక్కపక్కనే. ఎవరి బూట్‌లోడర్‌ను, అంటే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్‌ను, ముందు పిలవాలో యూఈఎఫ్ఐ దగ్గర ఒక వరుస రాసి ఉంటుంది. ఉబుంటు ఎక్కుతూ తన పేరు పైన రాసుకుంది, జరిగింది ఇదే. బల్లార్షా దిక్కు నుంచి వచ్చిన బండి కాజీపేటలో సికింద్రాబాద్ వైపు మళ్లాలా, వరంగల్ మీదుగా విజయవాడకు పోవాలా అన్నది పట్టాల పాయింట్లను బట్టి ఉంటుంది. పాయింటు ఒక దిక్కే పడి ఉన్నదని రెండో లైను పీకేశారంటామా?

యూఈఎఫ్ఐ రాకముందు ఉన్న పాత బయాస్ మిషన్లలో ఈ భయానికి అర్థం ఉండేది. డిస్క్ మొదటి 512 బైట్లలోనే బూట్‌లోడర్ మొదటి ముక్క, అందులోనూ కోడ్‌కు దక్కేది 446 బైట్లే. ఆఖరున ఎక్కినవాడు ముందున్నవాడిని చెరిపేసేవాడు. మేము ఆ రోజుల్లోనే పని నేర్చుకున్నాం. కొందరు ఇంకా అక్కడే ఆగిపోయారు.

రీస్టార్ట్ చేసి, కంపెనీ బొమ్మ రాకముందే డెల్, లెనోవోలలో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 టకటకా కొట్టు. వచ్చిన జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ అని ఉంటే ఎంటర్ నొక్కు. పెళ్లి ఫొటోలు కనిపిస్తాయి. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకో, మిగతా పని తర్వాత.

ఇక రోజూ ఎఫ్12 కొట్టే బాధ పోవాలంటే ఉబుంటు బూట్‌లోడర్ గ్రబ్‌కు విండోస్‌ను చూపించాలి. పక్క సిస్టమ్‌లను వెతికిపెట్టే ఓఎస్-ప్రోబర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి మామూలుగా ఆపి ఉంచుతున్నారు. కనిపించిన ప్రతి పార్టిషన్‌నూ తెరిచి తొంగిచూడటం భద్రతకు మంచిది కాదని. తానొక్కటే ఉన్నాననుకున్న ఉబుంటు మెనూ కూడా చూపించదు, అందుకే నీకు సీదా లోపలికి పోయింది. ఈటీసీ అనే ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్, దానిలో గ్రబ్ అనే ఫైలు. దాన్ని టెర్మినల్‌లో సుడో నానో అనే కమాండ్‌తో తెరిచి, గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అనే లైను ముందున్న హాష్ (#) గుర్తు తీసెయ్యి. లైనే లేకపోతే కింద రాయి. సేవ్ చేసి, సుడో అప్‌డేట్-గ్రబ్ అని కొట్టు. (మా ఎడిటర్ అన్నీ తెలుగులోనే అచ్చువేస్తారు. నువ్వు మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. లైను పెద్దక్షరాల్లో, ఫాల్స్, కమాండ్లు చిన్నక్షరాల్లో.) విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని స్క్రీన్ మీద ఒక లైను వస్తే పని అయినట్టే. పదిహేను వందలు జేబులోనే ఉన్నయి.

ప్రశ్న: ములుగు దగ్గర టీచర్‌ను. స్కూలు పనికి విండోస్ కావాలి, పిల్లలకు లినక్స్ చూపించాలని ఉంది. ఎక్కించే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: మేడమ్, అన్నింటికన్నా ముందు బిట్‌లాకర్ కీ, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం కీ. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్‌కు దానంతట అదే తాళం పడుతుంది. ఆ తాళానికి 48 అంకెల కీ. అది ఉండేది ఆ అకౌంట్‌లో.

నాలుగేళ్ల కింద పరకాల నుంచి ఒక సార్ ల్యాప్‌టాప్ తెచ్చారు. ఉబుంటు కోసం సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్‌లోడర్‌నే లేవనిచ్చే కాపలా) ఆపేశాను, ఆయన్ను ఏమీ అడగకుండానే. రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్, 48 అంకెలు ఇమ్మని. అకౌంట్ ఏదని అడిగితే, "కొన్నప్పుడు షాపు పిల్లగాడే ఏదో మెయిల్ పెట్టిండు" అన్నారు. పదో తరగతి ప్రశ్నపత్రాలన్నీ అందులోనే. ఫ్యాన్ కిందనే నాకు చెమట. ఆఖరికి సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేస్తే తెరుచుకుంది. స్విచ్ ఆన్ కావడంలో తేడా పసిగట్టి, తాళం కీని దాచుకునే టీపీఎం చిప్ తాళం తీయలేదు, మునుపటిలా పెట్టేసరికి తీసింది. అన్నిసార్లూ అట్లా కలిసిరాదు. అసలు ఉబుంటుకు సెక్యూర్ బూట్ ఆపాల్సిన పనే లేదని, ఆన్‌లో ఉన్నా ఎక్కుతుందని నాకు ముందే గుర్తుకు రావాల్సింది.

కాబట్టి ఆ కీని కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా బీరువాలో పెట్టండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. అది ఉంటే షట్‌డౌన్ సగమే అవుతుంది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు. సీ డ్రైవ్‌ను తగ్గించడం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చెయ్యండి. 50 జీబీ వదిలితే చాలు.

ప్రశ్న: జమ్మికుంట నుంచి. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ పోయిందా?

జవాబు: బ్యాటరీ మంచిగనే ఉంది. బోర్డు మీది గడియారంలో లినక్స్ గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. తేడా సరిగ్గా 5:30. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఒక్కసారి కొట్టండి. కొత్త బ్యాటరీ కొనకండి.