ఆ పది నిమిషాలను రిజల్ట్స్ రోజుగా మార్చకండి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. మూడేళ్లు కూర్చుని ఇంగ్లిష్‌లో ఒక ఫాంటసీ నవల రాసింది, 1,58,000 పదాలు. వాళ్ల నానమ్మది వరంగల్ వైపు. ఆవిడ చెప్పిన చెరువుల కథల్లోంచి పుట్టిన నవల. చెరువు కట్ట నిలబడాలని బలి ఇచ్చిన అక్క గొంతు, తూములోంచి చెల్లెలికి వినిపిస్తూ ఉంటుంది. వచ్చే నెల రచయితల కాన్ఫరెన్స్‌లో ఒక లిటరరీ ఏజెంట్‌తో (రచయిత తరఫున పుస్తకాన్ని పబ్లిషర్లకు అమ్మిపెట్టేవాళ్లు) పది నిమిషాల పిచ్ స్లాట్, అంటే కథ గురించి చెప్పి ఆసక్తి కలిగించే సమయం, తీసుకుంది. మావారు ఆ పిచ్‌ను తిరగరాసి బట్టీ పట్టిస్తున్నారు. ఏజెంట్ కాదంటే రాతలు మానేసి ఇంటర్న్‌షిప్ చూసుకోవాలని షరతు పెట్టారు. పిల్ల సరిగ్గా తినడం లేదు. ఇంకో పక్క, 7,000 డాలర్లిస్తే పుస్తకం వేసిపెడతామని ఒక సంస్థ ఫోన్లు చేస్తోంది. పిచ్ మంచిదా, సొంతంగా వేసుకోవడం మంచిదా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు దారుల్లో ఏది మంచిదని. కానీ ఉత్తరం నిండా ఉన్నది వేరే భయం. ఆ ఏజెంట్ ఒక్క మాటతో పిల్ల మనసు విరిగిపోతుందేమో, లేదా ఈ రాతల్లో పడి చదువు పాడవుతుందేమో అని. నీట్, జేఈఈ పిల్లల తల్లులు నాకు రాసే ఉత్తరాల్లోనూ ఇదే భయం. అందుకే ముందు దాని సంగతి.

పిచ్‌లో ఎవరూ పుస్తకం కొనరు. కథ నచ్చితే ఏజెంట్ 'మొదటి యాభై పేజీలు పంపు' అంటారు, అంతే. ఎదురుగా కూర్చున్న పిల్లకు కాదని చెప్పలేక పంపమనేవాళ్లూ ఉంటారు. ఇక కాదన్నారంటే దానికి కారణాలు చాలా ఉండొచ్చు. అలాంటి నవలే వాళ్ల దగ్గర ఇంకొకటి ఉండొచ్చు, ఆ తరహా పుస్తకాలు వాళ్లు చూడకపోవచ్చు. అదే నవలను మర్నాడే మరో పది మంది ఏజెంట్లకు ఈమెయిల్‌లో పంపుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. డబ్బు కట్టి తీసుకునే పిచ్ స్లాట్ల మీద నాకున్న అనుమానం కూడా ఇదే. అదొక్కటే దారి అన్నట్టు పిల్లల్ని కంగారు పెడుతున్నారు. నిజానికి చాలామంది ఏజెంట్లు మామూలు ఈమెయిళ్లు కూడా చదువుతారు. స్లాట్ ఎలాగూ తీసుకుంది కాబట్టి వెళ్లనివ్వండి. ఒక ఏజెంట్ ఎదురుగా కూర్చుని తన కథ గురించి మాట్లాడటం మంచి అనుభవమే.

మీవారికి ఈ పేరా చూపించండి. అయ్యా, ఆ షరతు ఈరోజే వెనక్కి తీసుకోండి. కంప్యూటర్ సైన్స్ చదువుతూనే లక్షన్నర పదాల నవల పూర్తి చేసిన పిల్ల చదువును నిర్లక్ష్యం చేస్తోందని ఎలా అనుకున్నారు? సైన్స్ ఫిక్షన్ రచయిత టెడ్ చియాంగ్ బ్రౌన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివి, టెక్నికల్ రైటర్‌గా ఉద్యోగం చేసుకుంటూనే కథలు రాశారు. ఇంటర్న్‌షిప్, నవల రెండూ సాగుతాయి. సాగనిది మీరు పెట్టిన షరతు. తండ్రి ప్రేమ కూడా ఏజెంట్ జవాబు మీదే ఉందని పిల్లకు అనిపిస్తే, ఆ పది నిమిషాల్లో గొంతు ఎలా పెగులుతుంది?

ఉత్తరంతో పాటు వచ్చిన, మీరు తిరగరాసిన పిచ్ కూడా చదివాను. 'భారతీయ పురాణాల ఆధారంగా ఏడు భాగాల మహా గాథ' అని మొదలుపెట్టారు. ఇందులో పురాణం ఎక్కడుంది? ఉన్నవి చెరువులు, తూములు, కట్ట మైసమ్మ. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల చెరువుల కింద ఇప్పటికీ పంట పండే నేల కథ ఇది. దానికి పురాణం లేబుల్ వేస్తే పిల్ల సొంతంగా చేసింది కనబడకుండా పోతుంది. మొదటి నవల తెచ్చినవాళ్లు ఏడు భాగాలంటే ఏజెంట్లు వెనకాడతారు. ఈ ఒక్క పుస్తకంలోనే కథ ముగుస్తుందని, వీలైతే కొనసాగించవచ్చని చెప్తే చాలు.

అమ్మా, ఇక పిల్లకు చెప్పాల్సినవి. ఫాంటసీ రాసేవాళ్లు పిచ్‌లో ముందు తమ లోకం నియమాలన్నీ చెప్పడం మొదలుపెడతారు. ఏ రాజ్యం, ఏ మంత్రం, ఎన్ని వంశాలు అని. సగం సమయం అందులోనే పోతుంది. మనిషితో మొదలుపెట్టమనండి. మీ ఉత్తరంలోంచే నేనొకటి చెప్తాను: 'కట్ట కింద బలైన అక్క గొంతు పదిహేడేళ్ల పిల్లకు తూములోంచి వినిపిస్తుంది. అక్కను విడిపించాలంటే కట్ట తెంపాలి, తెంపితే ఊరు మునుగుతుంది.' ఇంతే. ఇలా అన్నాక ఏజెంటే ప్రశ్నలు వేస్తారు. పేర్లు ఒకటి రెండుకు మించొద్దు. మిగతా తొమ్మిది నిమిషాలు మాటామంతీ, అప్పజెప్పడం కాదు. నవల చదవని ఎవరైనా పక్కింటి ఆంటీకి చెప్పి చూడమనండి, ఆవిడ 'తర్వాతేమైంది?' అని అడిగితే పిచ్ కుదిరినట్టే.

కథలో పిల్ల వయసు, కట్ట తెంపాలన్న చిక్కు నేను ఊహించినవి. పిల్ల వయసు నిజంగా పదిహేడైతే ఇది టీనేజ్ పాఠకులకా, పెద్దవాళ్లకా అని తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉండాలి. పెద్దల ఫాంటసీ తొలి నవలకు లక్షా ఇరవై వేల పదాలు దాటితే కష్టం. టీనేజ్ నవలైతే లక్షలోపే ఉండాలి. ఈ నెలలో బట్టీ మానేసి నవల కుదించడం మొదలుపెడితే మేలు. తన పుస్తకంతో పోల్చదగ్గవి, గత నాలుగైదేళ్లలో వచ్చినవి రెండు నవలలు కూడా చెప్పగలగాలి. అందరికీ తెలిసిన భారీ హిట్ల పేర్లు వద్దు. పేజీలు పంపమంటే ఈమెయిల్ సబ్జెక్ట్‌లో కాన్ఫరెన్స్ పేరు రాసి, అడిగినన్నే పంపాలి. జవాబుకు నెలలు పట్టొచ్చు, రోజూ అడగకండి.

సొంతంగా వేసుకోవడం తప్పు కాదు. అమెజాన్‌లో ఈబుక్ 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య పెడితే 70 శాతం వరకు రాయల్టీ వస్తుంది. ఎడిటింగ్, కవర్, ప్రచారం మాత్రం మనమే చూసుకోవాలి. ఒకసారి అలా వేసేస్తే అదే నవలను ఏజెంట్లు తీసుకోవడం అరుదు. అందుకే ముందు ఏజెంట్లకు పంపి చూడమంటాను, తొందరేమీ లేదు.

ఆ 7,000 డాలర్ల సంస్థ సంగతి వేరు. ఏజెంటైతే పుస్తకం అమ్ముడయ్యాకే మామూలుగా 15 శాతం తీసుకుంటారు, చదవడానికి ఫీజు అడగరు. మంచి పబ్లిషర్ రచయితకు డబ్బిస్తారు, రచయిత దగ్గర తీసుకోరు. వాళ్ల ఫోన్ ఎత్తకండి. ఇప్పటికే ఏదైనా సంతకం చేసి ఉంటే, ఇంకేమీ కట్టకుండా ఆ ఒప్పందం కాగితాలు నాకు పంపండి, చూసి చెప్తాను.