రెయిలింగ్ బిగించాక బ్యాలెన్స్ ఆపేశారు, ఫోన్ ఎత్తడం లేదు. ఇలాంటి కస్టమర్లతో ఎలా నెగ్గుకురావాలి?

సొంత వెల్డింగ్ షెడ్డు నడుపుతున్నానని, గేట్లు, గ్రిల్స్, స్టీల్ రెయిలింగ్‌లు ఆర్డర్ మీద చేస్తానని రాశారు. పని మధ్యలో డిజైన్ మారుస్తారు, చివర్లో ఏదో వంక పెట్టి డబ్బు ఆపుతారు. ఇప్పుడు ఒకాయన వెల్డింగ్ బాగోలేదని ముప్పై వేలు ఆపి ముఖం చాటేశాడు, వెళ్ళి రెయిలింగ్ పీక్కొచ్చేయనా అని అడిగారు.

ముందు ఆ పీక్కొచ్చే ఆలోచన మానేయండి. మీకు రావాల్సింది డబ్బు, ఆ సరుకు కాదు. ఒకరి ఇంట్లోకి వెళ్ళి బిగించింది కోసుకొస్తే స్టేషన్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే అవుతారు. పైగా కోసిన పైపు తుక్కు రేటుకే పోతుంది.

నాదీ ఇదే పని, గుంటూరు పక్కన. నేను చూసినంతలో సతాయించేవాళ్ళు రెండు రకాలు: భయంతో సతాయించేవాళ్ళు, లెక్క ప్రకారం సతాయించేవాళ్ళు. అరుపులు ఇద్దరివీ ఒకలాగే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు.

మొదటి రకమే ఎక్కువ. గేటు, రెయిలింగ్ అనేవి ఇంటికి చివరి పనులు. లోను తెచ్చి, మేస్త్రీతో గొడవపడి, టైల్స్ దగ్గర బడ్జెట్ దాటించుకుని అప్పుడు మన షెడ్డుకొస్తారు. అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి. ఇలాంటాయన జేబులో అయస్కాంతం పెట్టుకుని వస్తాడు, అతుక్కుంటే నకిలీ అని ఎవరో వీడియోలో చెప్పారట. అసలు రెయిలింగ్‌లకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు రకాలైన 304కీ, 202కీ మామూలుగా అయస్కాంతం పట్టదు. వంచిన చోట, వెల్డింగ్ చేసిన చోట రెండూ కాస్త లాగవచ్చు. ఈ సంగతి నోటితో చెబితే నమ్మరు. మాంగనీసు ఎక్కువున్న స్టీలును పట్టించే చుక్కల మందు దొరుకుతుంది, చిన్న బ్యాటరీతో పరీక్ష చేస్తారు. మాంగనీసు ఎక్కువుండే 202 మీద అది ఎర్రబడుతుంది. ఆ సీసా ఆయన చేతికే ఇచ్చి, రెండు రకాల ముక్కలూ ముందు పెట్టి, రెండు రేట్లూ చెబుతాను. 304లో నికెల్ ఎక్కువ, అందుకే ధర ఎక్కువ. ఆ తర్వాత ఏది ఎంచుకున్నా గొడవ రాదు.

కేజీ లెక్క పనులకూ అంతే. 12 ఎంఎం చదరపు రాడ్డు మీటరుకు 1.13 కేజీ తూగుతుంది. డ్రాయింగ్ పక్కనే మొత్తం ఎన్ని మీటర్లో, ఎంత బరువు రావాలో ముందే రాసిస్తాను. కాటా వేయించేటప్పుడు ఆయన్ని కూడా రమ్మంటాను.

అసలు తగువంతా కొలతల దగ్గర పుడుతుంది. మనం వెళ్ళి టేపు పెట్టేసరికి గేటు పిల్లర్లు ఉత్త ప్లాస్టరింగ్‌తో ఉంటాయి. మనం వచ్చేశాక ఇంట్లోవాళ్ళు పిల్లర్లకు గ్రానైట్ వేయిస్తారు. రాయి మందం, వెనక సిమెంటు, రెండు వైపులా కలిపి మూడంగుళాల దాకా దారి తగ్గిపోతుంది. గేటు దించితే పట్టదు, నింద మాత్రం మన టేపు మీదే. అందుకే కొలతల కాగితం మీద “పిల్లర్లకు గ్రానైట్, టైల్స్ వేయలేదు. వేస్తే మళ్ళీ కొలవాలి” అని రాసి సంతకం పెట్టించుకుంటాను. టేపు పెట్టి ఫోటో తీసి అక్కడే వాట్సాప్‌లో పంపేస్తాను.

డిజైన్ మార్పులంటారా, అందులో సగం వాస్తు వల్లే వస్తాయి. వాస్తుతో వాదించి గెలిచిన వెల్డరును నేనింతవరకూ చూడలేదు. వాదించకండి, రేటు చెప్పండి. పైపు కోయకముందు ఏ మార్పుకైనా పైసా అడగను. కోశాక అయితే ఎంత అదనమో మెసేజ్ పెడతాను. “ఓకే” అని జవాబు వచ్చేదాకా ఆ పని పక్కన పెట్టి వేరేది ఎత్తుకుంటాను. పని ఆగిందంటే జవాబు తొందరగానే వస్తుంది.

రెండో రకం వాళ్ళు మొదట్లో తెగ పొగుడుతారు. “ఇది బాగా చేయి, ఇంకో పది పనులు ఇప్పిస్తా” అంటారు. అడ్వాన్సు మాటెత్తితే “నా మీద నమ్మకం లేదా” అంటారు. వీళ్ళకు మర్యాదగా ఒకటే మాట: సగం అడ్వాన్సు, నలభై శాతం షెడ్డులో సరుకు చూసుకుని లోడు ఎత్తకముందు, పది శాతం ఫిట్టింగ్ అయ్యాక. ఇనుప పనైతే ప్రైమర్ కూడా కొట్టకముందు చూపించండి, జాయింట్లు కనిపిస్తాయి, తర్వాత వంకలు ఉండవు. ఒప్పుకోకపోతే పని పోయినా పర్వాలేదు.

బిల్డర్లు, కంపెనీలు బాకీ పడితే చట్టం కొంత మన వైపే ఉంది. ఉద్యమ్ అంటే చిన్న పరిశ్రమల ప్రభుత్వ రిజిస్ట్రేషన్, అది ఉచితం, పనికి ముందే చేయించుకోండి. 2006 ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులకు మించకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. పైగా 2023–24 నుంచి చిన్న యూనిట్లకు గడువులోగా కట్టని డబ్బును, కట్టేదాకా వాళ్ళు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఖర్చుగా చూపించుకోలేరు. ఈ సంగతి వాళ్ళ అకౌంటెంట్ చెవిన వేస్తే చాలా బిల్లులు కదులుతాయి. ఇల్లు కట్టుకునేవాళ్ళ దగ్గర మాత్రం ఈ దారి పెట్టుకోకండి.

ఇక మీ ముప్పై వేలు. ఫోన్లు ఆపి, ఆదివారం ఉదయం బఫింగ్ (పాలిష్) మెషిన్ వెంట పెట్టుకుని ఇంటికే వెళ్ళండి. డబ్బు మాట ఎత్తకుండా “ఎక్కడ బాగోలేదో చూపించండి సార్” అనండి. చేతికి తగిలే జాయింటో, వేడికి నీలం తిరిగిన మచ్చో చూపిస్తే అది నిజమైన బాధే. అక్కడికక్కడే బఫ్ చేసిచ్చి బ్యాలెన్స్ అడగండి. వేలు పెట్టి ఏదీ చూపించకుండా “మొత్తం బాగోలేదు” అంటే ఆయన రెండో రకం. మీ ఫోటోలు, ఇవ్వాల్సిన మొత్తం, ఒక తేదీ రాసి మెసేజ్ పెట్టండి, దాటితే లాయర్ నోటీసు ఇప్పించండి. దావాకు మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది కానీ, ముప్పై వేల కోసం కోర్టు చుట్టూ తిరిగితే షెడ్డులో పని పోతుంది. మధ్యలో పాతిక ఇస్తానంటే తీసుకుని, పూర్తిగా ముట్టిందని రాసిచ్చి వచ్చేయండి.