ఫ్రెంచ్ ఇమ్మర్షన్ లాటరీలో సీటు రాకపోతే: పిటిషన్‌లో ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం సర్రేలో ఉంటున్నారు. పాప సెప్టెంబరులో కిండర్‌గార్టెన్‌లో చేరాలి. ఫ్రెంచ్ ఇమ్మర్షన్, అంటే ఫ్రెంచ్‌లోనే పాఠాలు చెప్పే తరగతుల సీట్ల లాటరీలో పేరు రాలేదు, వెయిటింగ్ లిస్టులో బాగా కింద ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి ఇంగ్లీషు ఇంకా అంతంతమాత్రం. మీ వైపు తల్లిదండ్రులు కొందరు, మరో రెండు ఇమ్మర్షన్ కిండర్‌గార్టెన్ తరగతులు తెరవాలని స్కూల్ డిస్ట్రిక్టుకు, అంటే ఊళ్లో ప్రభుత్వ బడులు నడిపే సంస్థకు పిటిషన్ పెడుతున్నారు. ఇంతమంది అడుగుతుంటే డిస్ట్రిక్టు ఎందుకు తెరవడం లేదు, సంతకం చేయాలా వద్దా అని అడిగారు.

చేయండి. అయితే ఆ ఒక్క కోరికతో పిటిషన్‌ను వదిలిపెట్టవద్దు. టీచర్లను ఎక్కడినుంచి తెస్తారో ప్రణాళిక చెప్పమని, ఆరో తరగతిలో ఇమ్మర్షన్ ప్రవేశాలు పెంచమని కూడా అందులో చేర్పించండి. ఈ రెండూ లేకుండా కిండర్‌గార్టెన్ సీట్లు మాత్రమే పెంచితే ఆ పిల్లలు మూడో తరగతికో నాలుగో తరగతికో వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. మా ఇంట్లో రెండు దారులూ చూశాం. పెద్దమ్మాయికి లాటరీలో రాలేదు, ఆరో తరగతిలో మొదలయ్యే లేట్ ఇమ్మర్షన్‌లో చేరింది. అబ్బాయికి కిండర్‌గార్టెన్‌లోనే వచ్చింది. మధ్యలో కొన్నేళ్లు బడి పేరెంట్ అడ్వైజరీ కౌన్సిల్‌లో పనిచేయడంతో తరగతుల లెక్కలు దగ్గరగా చూసే వీలు కలిగింది.

ఆ లెక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తల్లిదండ్రుల సమావేశాల్లో దాని ఊసే రాదు. ఒక కిండర్‌గార్టెన్ తరగతి తెరవడానికి ఒక గది, ఒక టీచరు చాలనుకుంటాం. బ్రిటిష్ కొలంబియా చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్‌లో 22 మంది, ఒకటి నుంచి మూడు వరకు 24 మంది, ఆపైన 30 మంది పరిమితి. ఈ ఏడాది చేరిన 22 మంది వచ్చే ఏడాది ఒకటో తరగతికి వెళతారు, వాళ్ల వెనక మరో 22 మంది వస్తారు. మొదటి జట్టు ఏడో తరగతికి చేరేసరికి ఆ బడిలో ఎనిమిది గదులు, ఫ్రెంచ్‌లో పాఠం చెప్పగల ఎనిమిది మంది టీచర్లు కావాలి. మీవాళ్లు అడుగుతున్నవి రెండు తరగతులు, కాబట్టి పదహారు. ఆ తర్వాత హైస్కూల్లో సైన్సు, సోషల్ ఫ్రెంచ్‌లో చెప్పేవాళ్లు వేరే కావాలి.

ఇంకో ఇబ్బంది, ఇమ్మర్షన్ తరగతిలో మధ్యలో ఖాళీ అయిన సీటు నిండదు. కుటుంబాలు ఊరు మారతాయి, కొందరు పిల్లలు ఇంగ్లీషు వైపు వెళ్లిపోతారు. మూడో తరగతిలో కొత్తగా ఎవరినైనా చేర్చుకుందామంటే ఆ పాపకు ఫ్రెంచ్ రాదు. అందుకని పై తరగతులు పలచబడతాయి, అయిదు, ఆరు తరగతులను ఒకే గదిలో కలిపేస్తారు. అదే బడిలో ఇంగ్లీషు తరగతులు మాత్రం కొత్తగా వచ్చిన కుటుంబాలతో నిండి, ఆట స్థలంలో పెట్టిన పోర్టబుల్ గదుల్లోకి పొంగిపోతాయి. సర్రేలో వందల పోర్టబుల్‌లు ఉన్న సంగతి మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఇక్కడే పొరుగువాళ్ల మధ్య మనస్పర్థలు పుడతాయి. బడి పక్కనే ఇల్లు ఉన్న కుటుంబానికి సొంత క్యాచ్‌మెంట్ (ఇంటి చిరునామాను బట్టి కేటాయించిన) బడిలో చోటు లేదని చెబుతారు, ఎక్కడినుంచో కార్లలో వచ్చే ఇమ్మర్షన్ పిల్లలకు మాత్రం లోపల గదులుంటాయి. ఆ కుటుంబం కోపంలో న్యాయముంది. మీ పిటిషన్‌ను వాళ్లు వ్యతిరేకిస్తే శత్రువుల్లా చూడవద్దు, వాళ్ల గది సమస్యను కూడా మీ కాగితంలో రాయండి. మా బడిలో అలా రాసిన తర్వాతే ఇంగ్లీషు వైపు తల్లిదండ్రులు మాతో కూర్చుని మాట్లాడారు.

టీచర్ల విషయానికి వద్దాం. అసలు అడ్డంకి ఇదే. 2016 నవంబరులో కెనడా సుప్రీంకోర్టు బ్రిటిష్ కొలంబియా టీచర్ల సంఘానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2002లో ప్రభుత్వం ఒప్పందాల నుంచి తీసేసిన తరగతి పరిమాణం నిబంధనలు తిరిగి వచ్చాయి. పిల్లలకు అది మంచి తీర్పే. అయితే రాష్ట్రమంతా ఒక్కసారిగా వేల మంది టీచర్లు కావలసి వచ్చారు. ఫ్రెంచ్ టీచర్లు అంతకుముందే తక్కువ, పెద్ద డిస్ట్రిక్టులు చిన్నవాటి నుంచి లాక్కోవడం మొదలైంది. 2018లో వాంకూవర్ స్కూల్ బోర్డు సైతం టీచర్లు దొరక్క ఇమ్మర్షన్ కిండర్‌గార్టెన్ సీట్లు తగ్గించుకుంది. కోరుకునేవాళ్లు ఉన్నారు, గదులు ఏదో విధంగా సర్దవచ్చు, చెప్పేవాళ్లే లేరు. 2019లో ఫెడరల్ అధికార భాషల కమిషనర్ కార్యాలయం దేశమంతటా ఫ్రెంచ్ టీచర్ల కొరత మీద ప్రత్యేకంగా అధ్యయనం చేయించింది. ఇది మన డిస్ట్రిక్టు ఒక్కదాని ఇబ్బంది కాదు.

టీచరు లేకుండా తెరిచిన తరగతి ఎలా ఉంటుందో మా అబ్బాయి నాలుగో తరగతిలో చూశాం. టీచరు ప్రసూతి సెలవుపై వెళ్లారు. ఆ చోటికి వచ్చినవారు ఒకరి తర్వాత ఒకరు మారారు, ఫ్రెంచ్ సరిగా వచ్చినవారు కొద్దిమందే. లెక్కలు చివరికి ఇంగ్లీషులోనే చెప్పారు. పేరు ఇమ్మర్షన్, జరిగింది మాత్రం ఫ్రెంచ్ పాటలు కలిపిన ఇంగ్లీషు తరగతి. ప్రిన్సిపాల్‌ను నేను తప్పుపట్టను, ఆయన దగ్గర పంపడానికి మనిషి లేరు. అందుకే పిటిషన్‌లో మొదటి కోరికగా టీచర్ల గురించి రాయమంటున్నాను.

ఏమని రాయాలి? అడగదగినవి కొన్ని ఉన్నాయి. సైమన్ ఫ్రేజర్, యూబీసీ (బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం) అనే రెండు యూనివర్సిటీలూ ఫ్రెంచ్ బోధన కోసం టీచర్లకు శిక్షణ ఇస్తున్నాయి. ఆ విద్యార్థులకు మన డిస్ట్రిక్టు ఎన్ని ప్రాక్టికం (బడిలో బోధన సాధన చేసే) చోట్లు ఇస్తోంది, వాళ్లు చదువు పూర్తి చేయకముందే ఉద్యోగం ఖాయం చేస్తోందా? ఇప్పటికే ఇంగ్లీషు వైపు పనిచేస్తూ కొంత ఫ్రెంచ్ వచ్చిన టీచర్లు వేసవిలో చదువుకుని ఇటు మారడానికి డబ్బు ఇస్తుందా? ఫ్రెంచ్ బోధన కోసం ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు ఇచ్చే నిధుల్లో మన డిస్ట్రిక్టుకు వచ్చే వాటా ఎక్కడ ఖర్చవుతోంది? ఇంకొకటి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి, మొరాకో, అల్జీరియా నుంచి వచ్చిన వలస కుటుంబాల్లో సొంత దేశంలో ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పినవాళ్లు ఇక్కడ గిడ్డంగుల్లో పనిచేస్తున్నారు. వాళ్ల సర్టిఫికెట్లకు గుర్తింపు ఇవ్వడం రాష్ట్రం పనే. విదేశీ అర్హతల గుర్తింపు వేగంగా జరగాలని 2023లో చేసిన చట్టం 2024 జులైలో అమల్లోకి వచ్చింది, అది టీచర్లకూ వర్తిస్తుంది. ఆ మనుషులను వెతికి, కాగితాల పనిలో చేయిపట్టి నడిపించడం మాత్రం డిస్ట్రిక్టు చేయగలదు. మన ఊళ్లలో ఎంఈడీ చేసి ఇక్కడ వేరే పనుల్లో స్థిరపడినవాళ్లు మనందరికీ తెలుసు కదా, వాళ్ల కష్టమే ఇదీ.

ఇక ఆరో తరగతి సంగతి. కిండర్‌గార్టెన్ లేదా ఒకటో తరగతిలో మొదలయ్యేది ఎర్లీ ఇమ్మర్షన్. ఆరో తరగతిలో మొదలయ్యేది లేట్ ఇమ్మర్షన్. అంతకుముందు ఫ్రెంచ్ ఏమీ రాకపోయినా చేరవచ్చు. మొదటి ఏడాది అన్నీ ఫ్రెంచ్‌లోనే, ఏడో తరగతిలో కొంత ఇంగ్లీషు కలుస్తుంది. హైస్కూల్లో ఎర్లీ, లేట్ పిల్లలు ఒకే తరగతుల్లో కూర్చుంటారు. పన్నెండు పూర్తయ్యాక ఇద్దరికీ అదే డ్యూయల్ డాగ్‌వుడ్, అంటే రెండు భాషల్లో డిప్లొమా వస్తుంది.

మా అమ్మాయికి మొదటి రెండు నెలలు కష్టంగా గడిచాయి. తెలివైన పిల్ల, చేయెత్తి జవాబు చెప్పే అలవాటున్న పిల్ల. ఒక్కసారిగా చిన్న వాక్యం కూడా చెప్పలేని స్థితికి వచ్చింది. సాయంత్రాలు కోపం, కొన్నిసార్లు ఏడుపు. అయితే తరగతిలో అందరిదీ అదే స్థితి, టీచరుకు ఆ సంగతి తెలుసు. బొమ్మలు గీస్తూ, అభినయిస్తూ, అదే మాటను పది రకాలుగా చెప్పేవారు. క్రిస్మస్ సెలవుల నాటికి టీచరు చెప్పేది చాలావరకు అర్థమవుతోందంది. వసంతంలో అగ్నిపర్వతాల మీద ప్రాజెక్టు మొత్తం ఫ్రెంచ్‌లో చెప్పింది. ఈ దారిలో పెద్ద సుగుణం, నిర్ణయం పిల్లదే. పదకొండేళ్ల వయసులో తానే కోరుకుని వచ్చింది కాబట్టి వదిలిపెట్టలేదు. యాసలో ఎర్లీ పిల్లలది కొంచెం మెరుగు, తొమ్మిదో తరగతిలో కూడా ఆ తేడా వినిపించింది. చదవడంలో, రాయడంలో నాకు తేడా కనిపించలేదు.

డిస్ట్రిక్టుకూ ఇది తేలికైన దారి. రెండేళ్ల కార్యక్రమానికి రెండు గదులు, ఇద్దరు టీచర్లు చాలు. అన్నిటికంటే మనలాంటివాళ్లకు ఇది రెండో తలుపు. వలస వచ్చే కుటుంబాల్లో చాలామంది పిల్లలు రెండో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఇక్కడ దిగుతారు, అప్పటికి ఎర్లీ ఇమ్మర్షన్ తలుపు మూసేసి ఉంటుంది. దరఖాస్తు గడువు ఎప్పుడో తెలియకే అవకాశం పోగొట్టుకున్న కుటుంబాలు మన తెలుగువాళ్లలోనే నాకు చాలా తెలుసు. గడువు సెప్టెంబరుకు చాలా నెలల ముందే ముగుస్తుంది. బస్సు కూడా ఉండదు, కాబట్టి ఇంట్లో ఒకరికి పగటిపూట కారు, తీరిక ఉన్నవాళ్లే నిలబడగలుగుతారు. లాటరీ అందరికీ సమానమంటారు, కానీ ఆ పెట్టెలో పేరు వేయగలిగినవాళ్లే అందరూ కారు. ఆరో తరగతి ప్రవేశం ఈ అన్యాయాన్ని కొంతైనా సరిచేస్తుంది.

పాపకు ఇంగ్లీషు రాదన్న మీ బెంగ గురించి. ముందు ఇంగ్లీషు రానివ్వండి, ఫ్రెంచ్ సంగతి తర్వాత అని మాకు ఒక బడి కార్యాలయంలో చెప్పారు, మీకూ చెబుతారు. నమ్మకండి. ఇమ్మర్షన్ కిండర్‌గార్టెన్‌లో ఇంగ్లీషు పిల్లలైనా, పంజాబీ పిల్లలైనా, మన పిల్లలైనా అందరూ సున్నా నుంచే మొదలుపెడతారు. ఇంగ్లీషు ఆట స్థలంలో, టీవీలో, పక్కింట్లో ఎలాగూ వస్తుంది, మూడో నాలుగో తరగతి నుంచి బడిలోనూ చెబుతారు. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో కొందరు తల్లులు పట్టుబట్టి మొదటి ఇమ్మర్షన్ తరగతి పెట్టించినప్పుడు, మెక్‌గిల్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త వాలస్ లాంబర్ట్ బృందం ఆ పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించింది. ఇంగ్లీషు చదువు మొదట కొంచెం వెనకబడినా, ఆ పాఠాలు మొదలయ్యాక అందుకున్నారు. మన ప్రాంతంలో 1968లోనే కోక్విట్లాంలో ఇమ్మర్షన్ మొదలైంది. క్యూబెక్ నుంచి 1909లో మిల్లు పనికి వచ్చినవాళ్లు కట్టుకున్న మైయార్‌విల్ అనే ఫ్రెంచ్ పేట అక్కడే ఉంది.

మన దగ్గర తెలుగు మాట్లాడితే జరిమానా వేసే ఇంగ్లీషు మీడియం బడులను గుర్తుచేసుకుని భయపడేవాళ్లున్నారు. ఇక్కడ ఆ పద్ధతి లేదు. మొదట్లో పిల్లలు తమ భాషలో అడుగుతారు, టీచరు ఫ్రెంచ్‌లో జవాబిస్తారు. ఇంట్లో తెలుగు మాత్రం గట్టిగా పట్టుకోండి. మా అబ్బాయి తెలుగు బాగా మాట్లాడతాడు, రాత కొంచెం నెమ్మది. మూడు భాషల వల్ల తికమకపడిన సందర్భం నేను చూడలేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇమ్మర్షన్‌లో అందే సహాయం ఇంగ్లీషు వైపు కంటే తక్కువ. ఫ్రెంచ్ వచ్చిన ప్రత్యేక బోధకులు ఇంకా అరుదు. అబ్బాయి స్నేహితుడొకడికి డిస్లెక్సియా అని తేలగానే ఇంగ్లీషుకు మార్చేయమన్నారు. ఆ తల్లిదండ్రులు మార్చారు, మార్చక తప్పలేదు. సీట్లు పెంచమని అడిగేటప్పుడు ఈ సహాయకుల కోసం కూడా అడగకపోతే, మనం అడుగుతున్నది కొందరు పిల్లల కోసమే అవుతుంది.

కొన్ని ఆచరణ సంగతులు. ఫ్రాంకోఫోన్ బడులు వేరు. అవి రాజ్యాంగ హక్కుల పత్రం 23వ సెక్షన్ కింద ఫ్రెంచ్ కుటుంబాల కోసం నడుస్తాయి, వాటికి వేరే బోర్డు ఉంది. ఇమ్మర్షన్‌కు ఆ రకమైన రాజ్యాంగ హక్కు లేదు, అందుకే అడగాల్సింది ట్రస్టీలను, అంటే డిస్ట్రిక్టు బోర్డుకు ఎన్నికైన సభ్యులను. పౌరసత్వం లేనివాళ్లు ట్రస్టీల ఎన్నికల్లో ఓటు వేయలేరు. కానీ బోర్డు సమావేశంలో ప్రతినిధిగా మాట్లాడటానికి పేరు ఇవ్వవచ్చు, దానికి పౌరసత్వం అడగరు. పంజాబీ, అరబిక్ కుటుంబాల నుంచి కూడా ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లండి. మేము అలా వెళ్లినప్పుడు ట్రస్టీలు అడిగిన మొదటి ప్రశ్న టీచర్ల గురించే, దానికి మా దగ్గర జవాబు ఉండటం పనికొచ్చింది.

వెయిటింగ్ లిస్టులో పేరు తీసేయకండి. ఆగస్టు చివరలో, సెప్టెంబరు మొదటి వారంలో ఊరు మారే కుటుంబాల వల్ల సీట్లు కదులుతాయి. ఫోను వచ్చాక జవాబు చెప్పడానికి ఎక్కువ వ్యవధి ఇవ్వరు, కాబట్టి రోజూ దింపడం, తీసుకురావడం ఎవరి పనో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. ఈ ఏడు రాకపోతే, ఒకటో తరగతి ప్రవేశానికి మళ్లీ దరఖాస్తు చేయవచ్చేమో డిస్ట్రిక్టు కార్యాలయంలో అడగండి. పాప అయిదో తరగతికి వచ్చాక లేట్ ఇమ్మర్షన్ పరిచయ సమావేశానికి తనను కూడా తీసుకెళ్లండి.