ఎండు తెగులును తట్టుకునే కంది రకం వేస్తే ఇక తెగులు రాదా?

రాదని గ్యారంటీ లేదు, ఎందుకంటే ఆ రకం తట్టుకునేది ఎండు తెగులు శిలీంధ్రాన్ని మాత్రమే, అదీ పూర్తిగా కాదు.

ఫ్యుజేరియం ఉడమ్ అనే ఈ శిలీంధ్రం భూమిలోనే బతుకుతూ వేర్ల గుండా లోపలికి పోయి, నీటిని పైకి తీసుకెళ్లే నాళాలను మూసేస్తుంది, అందుకే నేలలో తడి ఉన్నా మొక్క వాడిపోతుంది. తట్టుకునే రకంలోని జన్యువులు దాని పెరుగుదలను అడ్డుకుంటాయి, కానీ నేలలో ఉన్నదాన్ని చంపవు. పైగా ఈ శిలీంధ్రంలోనే రకరకాల రూపాలున్నాయి, ఒక ప్రాంతంలో గట్టిగా నిలిచిన రకం ఇంకోచోట దెబ్బతినొచ్చు.

ఉదాహరణకు మారుతి (ఐసీపీ 8863) రకం ఎండు తెగులును బాగా తట్టుకుంటుంది, వెర్రి తెగులుకు మాత్రం లొంగిపోతుంది. వెర్రి తెగులు వైరస్ వల్ల వస్తుంది, నల్లి ద్వారా వ్యాపిస్తుంది, దాన్ని ఆపే జన్యువులు వేరు. ఆశ (ఐసీపీఎల్ 87119) రకానికి రెండింటినీ తట్టుకునే గుణం ఉంది.

వరంగల్ వైపు చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, మొక్కలు ఎండగానే విత్తనం నకిలీదని అనుకోవడం. ముందు కాండం చీల్చి చూడండి, లోపల గోధుమ లేదా నల్లటి చారలుంటేనే ఎండు తెగులని అనుమానించాలి. నల్లరేగడిలో నీళ్లు నిలిచి ఎండితే అది వేరే సమస్య, దానికి ఈ జన్యువులు ఏమీ చేయలేవు. ఇంకో మాట, కందిలో తేనెటీగల వల్ల పక్క చేను పుప్పొడి కలుస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి సొంత విత్తనమే వాడితే తట్టుకునే గుణం పలచబడుతుంది, మధ్యమధ్యలో ధృవీకరించిన విత్తనం తెచ్చుకోవాలి.