కాలు ఎర్రబడి వాచింది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నకి 62 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. పోయిన వారం ఉన్నట్టుండి చలిజ్వరం వచ్చింది, తెల్లారేసరికి ఎడమ కాలు మోకాలి కింద ఎర్రగా వాచి ముట్టుకుంటే కాలిపోతోంది. ఇంట్లో మిగిలిపోయిన అజిత్రోమైసిన్ మూడు రోజులు వేశాం, కాస్త తగ్గింది, ఇప్పుడు మళ్లీ మొదలైంది. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అంటున్నారు. దెబ్బేమీ తగల్లేదు, మరి ఎలా వచ్చింది? ఇంట్లో వాళ్లకి అంటుకుంటుందా?

జవాబు: మీరు రాసింది చూస్తే సెల్యులైటిస్ లాగే ఉంది, కాకపోతే కాలు చూడకుండా ఖాయంగా చెప్పలేను కాబట్టి ఈరోజే డాక్టర్‌కి చూపించండి, షుగర్ ఉన్న మనిషికి రేపు చూద్దాంలే అనుకునే విషయం కాదిది.

చర్మం లోపలి పొరల్లోకి బ్యాక్టీరియా దూరితే వచ్చేదే సెల్యులైటిస్. ఎక్కువగా స్ట్రెప్టోకాకస్, కొన్నిసార్లు స్టెఫైలోకాకస్ ఆరియస్. ఇవి చాలామంది ఒంటి మీదో ముక్కులోనో గొంతులోనో ఊరికే ఉండేవే, చర్మం బాగున్నంతకాలం పెద్దగా ఏం చేయలేవు. దెబ్బే తగలక్కర్లేదు. నాన్నగారి కాలి నాలుగో వేలు, చిటికెన వేలు విడదీసి మధ్యలో ఒకసారి చూడండి. అక్కడ చర్మం తెల్లగా నానిపోయి, పొరలు లేస్తూ, సన్నగా చీలి ఉందా? ఉంటే అది ఫంగస్, బ్యాక్టీరియా లోపలికెళ్లిన దారి చాలావరకు అదే. మడమ పగుళ్లు కూడా చూడండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే చిన్న గాయం అయినా వాళ్లకి తెలీదు, అందుకే ఈ చూసే పని ఇంట్లో వాళ్లే చేయాలి.

ఇక ఆ మిగిలిపోయిన మాత్రల సంగతి. కోప్పడట్లేదు గానీ, దీనికి అజిత్రోమైసిన్ మొదట వాడే మందు కాదు, చాలా స్ట్రెప్టోకాకస్ రకాలు దానికి లొంగడం మానేశాయి. మామూలుగా సెఫలెక్సిన్, క్లాక్సాసిలిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటివి ఇస్తారు, కనీసం 5 రోజులు, తగ్గడం నెమ్మదిగా ఉంటే ఇంకొన్ని రోజులు, జ్వరం ఎక్కువగా ఉంటే ఇంజెక్షన్లు. పెన్సిలిన్ అలర్జీ ఉంటే ముందే చెప్పండి. ఇంతకుముందు వేసిన మాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్లి చూపించండి, దాచొద్దు. షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్త పరీక్ష చేస్తారు. కాలి నరంలో రక్తం గడ్డకట్టినా ఇలాగే వాస్తుంది కాబట్టి అనుమానం ఉంటే రక్తం సరిగ్గా పారుతోందా అని చూసే డాప్లర్ స్కాన్ కూడా రాస్తారు.

మందు మొదలుపెట్టిన రోజు ఎరుపు ఎక్కడిదాకా ఉందో దాని అంచు వెంట పెన్నుతో గీత గీయండి. మొదటి ఒకటి రెండు రోజులు ఎరుపు గీత దాటి కొంచెం పాకినా వెంటనే మందు పనిచేయట్లేదని కంగారుపడొద్దు, జ్వరం తగ్గుతోందా, మనిషి తేలికపడ్డాడా అనేది కూడా చూడాలి. 48 గంటలైనా ఎరుపు పాకుతూనే ఉంటే మళ్లీ వెళ్లండి. పడుకున్నప్పుడు కాలి కింద దిండ్లు పెట్టి ఎత్తులో ఉంచండి, ఇది చాలామంది పట్టించుకోరు గానీ వాపు దీంతోనే త్వరగా తీస్తుంది. నూనె రాసి మర్దనా చేయడం, వేడి కాపడం పెట్టడం వద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు.

చర్మం నల్లగానో ఊదాగానో మారి బొబ్బలు లేచినా, పైకి కనిపించేదానికి మించి నొప్పి ఉన్నా, ఆ చోట మొద్దుబారినా, మనిషి మగతగా అయోమయంగా మాట్లాడుతున్నా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. అది కండరాల పై పొరదాకా కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి ఆపరేషన్ కావాలి, గంటలు కూడా లెక్కే. గజ్జల్లో బిళ్ళ కడితే మాత్రం అంత భయం అక్కర్లేదు, కాలిలో ఇన్ఫెక్షన్‌కి అది మామూలే.

మీకు అంటుకుంటుందా అని అడిగారు, మామూలుగా అంటుకోదు. రసి కారే పుండు ఉంటే మాత్రం టవల్ వేరేది వాడి, కట్టు మార్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇది ఒకసారి వచ్చిన కాలికే మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఏడాదిలో మూడు నాలుగు సార్లు వచ్చేవాళ్లకి తక్కువ డోసులో పెన్సిలిన్ నెలల తరబడి ఇస్తారు, నాన్నగారికి ఇప్పుడే ఆ అవసరం రాకపోవచ్చు. వేళ్ల మధ్య ఫంగస్‌కి క్రీమ్ అడిగి తీసుకుని, పైకి తగ్గినట్టు కనపడ్డా డాక్టర్ చెప్పినన్ని రోజులూ రాయండి. స్నానం అయ్యాక ప్రతి వేలి సందూ పొడిగా తుడవండి, మడమలకి మాయిశ్చరైజర్ రాయండి, వేళ్ల మధ్యలో మాత్రం రాయొద్దు.